పసుపుతల్లి పళ్లెం

హైమ పళ్లెం మీది నల్లగుడ్డ తీయగానే ఫ్యాక్టరీ మిషన్ షాపులో మాటలు ఆగిపోయాయి.

భోజనాల బల్లంత గాజు పళ్లెం అది. అడుగున పల్చటి జెల్లీ పొర. ఆ పొర మీద ఈ మూల నుంచి ఆ మూలకి పచ్చటి నరాలు పాకి ఉన్నాయి. కొన్ని చిటికెన వేలంత లావు, కొన్ని వెంట్రుకంత సన్నం. మేలిమి పసుపు రంగు. కళ్లార్పకుండా కాసేపు చూస్తే ఆ నరాలు మెల్లగా ఉబ్బుతున్నాయనీ, మళ్లీ తగ్గుతున్నాయనీ తెలుస్తోంది.

"ఇది బతికే ఉందేటమ్మా?" అన్నాడు ఇనుము చెక్కే లేతు మిషన్ నడిపే పెంటయ్య.

"బతికే ఉంది. రేపట్నుంచి ఏ పని ముందు చెయ్యాలో, ఏది తర్వాత చెయ్యాలో మీకు చెప్పేది ఇదే."

వెనకనుంచి ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఒంటరిగా మిగిలిపోయింది. మిగతావాళ్లంతా పళ్లెం చుట్టూ చేరి, చేతులు వెనక్కి కట్టుకుని, గుళ్లో నిలబడ్డట్టు నిలబడ్డారు.

అచ్యుతాపురంలో ఉన్న ఆ ఫ్యాక్టరీలో చిన్న చిన్న పంపులు తయారవుతాయి. కిడ్నీలు పనిచేయనివాళ్లకి డయాలసిస్ చేసే యంత్రాల్లో రక్తాన్ని తిప్పేవి అవే. అరచేతిలో ఇమిడే పంపు. కానీ అది పూర్తికావాలంటే లేతులు, డ్రిల్లులు, గ్రైండింగు, కడుగుడు, అసెంబ్లీ, పరీక్ష, ఇలా ఎన్నో చేతులు మారాలి. ఒక ఆసుపత్రికి ఒక రకం కావాలి, ఇంకో ఆసుపత్రికి ఇంకో రకం. ఏ ముక్క ఏ మిషన్ మీదికి ఎప్పుడు ఎక్కాలన్నదే అసలు చిక్కు.

ఆ చిక్కు విప్పడమే హైమ ఉద్యోగం. పరవాడ నుంచి తడ దాకా ఎన్నో ఫ్యాక్టరీల్లో ప్లానింగ్ సాఫ్ట్‌వేర్లు బిగించింది. ప్రతిచోటా జరిగేది ఒకటే. పొద్దున్న కంప్యూటర్ ముచ్చటైన షెడ్యూలు ఇస్తుంది. టీ టైముకి ఎక్కడో ఒక టూలు విరుగుతుంది, ఎవరికో జ్వరమొస్తుంది, రావలసిన ఇనుము రాదు. మధ్యాహ్నానికి ఆ షెడ్యూలు చిత్తుకాగితం. సూపర్‌వైజర్లు "అర్జెంట్, అర్జెంట్" అని అరుస్తూ పరుగులు పెడతారు. తను కట్టిన మేడ రోజూ మధ్యాహ్నానికి కూలిపోతుంటే చూసి చూసి హైమకి విసుగొచ్చింది.

అలాంటి రోజుల్లో డాక్టర్ సుల్తానా పరిచయమయ్యారు. విశాఖలో ఒక చిన్న పరిశోధనశాల ఆవిడది. అనంతగిరి కాఫీ తోటల్లో, కుళ్లిన దుంగ కింద ఆ పచ్చటి జీవి ఆవిడకి దొరికింది.

"చూడ్డానికి బూజులా ఉంటుంది, కానీ బూజు కాదు. మొక్కా కాదు, జంతువూ కాదు," అని చెప్పారావిడ, తన బల్ల మీద చిన్న గిన్నె చూపిస్తూ. "ఇదంతా కలిపి ఒకే ఒక్క కణం, హైమా. మెదడు లేదు, కళ్లు లేవు. ఓట్సు గింజలంటే ప్రాణం. వెలుతురంటే గిట్టదు. గింజలు నాలుగు మూలలా పెట్టి, మధ్యలో దీపాలు పెట్టు. ఇది దీపాలని తప్పించుకుంటూ అన్ని గింజల్నీ కలుపుతూ దారి వేస్తుంది. అంతకంటే మంచి దారి లెక్కలు కట్టి కనిపెట్టమంటే నావల్ల కాలేదు. ఒక దీపం ఆర్పి ఇంకోటి వెలిగిస్తే, ఏడవదు, అరవదు. దారి మార్చుకుంటుంది, అంతే."

హైమ ఆ గిన్నె ముందు చాలాసేపు కూర్చుండిపోయింది. ఆవిడ చెప్పింది అడవి సంగతి. హైమకి వినిపించింది ఫ్యాక్టరీ సంగతి.

తర్వాత ఇద్దరూ కలిసి ఆ పళ్లెం తయారుచేశారు. షాపులో ఉన్న ప్రతి మిషన్‌కీ, ప్రతి బెంచీకీ పళ్లెంలో ఒక చోటు. ఆసుపత్రుల ఆర్డర్లు ఓట్సు గింజలు. తొందరగా పంపాల్సిన ఆర్డరుకి పెద్ద గింజ. మిషన్లకీ, కొన్ని పనిముట్లకీ అదురు కొలిచే ముక్కలు బిగించారు. ఆ అదురులో ఏమాత్రం తేడా వచ్చినా ఆ చోటు కింద చిన్న దీపం మినుకుమంటుంది. మనిషి కంటికి ఆనీ ఆనని వెలుతురే అయినా ఆ జీవికి తెలిసిపోతుంది. అది దీపాలకి దూరంగా, గింజలకి దగ్గరగా తన నరాల్ని జరుపుకుంటుంది. పైనున్న కెమెరా ఆ నరాల్ని చూసి ఎవరు ఏం చెయ్యాలో షెడ్యూలుగా మార్చి తెరల మీద వేస్తుంది. మధ్యాహ్నం టూలు విరిగితే మధ్యాహ్నమే నరం పక్కకి తిరుగుతుంది. ఎవరూ అరవక్కర్లేదు.

ఫ్యాక్టరీ యజమాని నరసింహరాజు గారు మొదట ఒప్పుకోలేదు. ఆయన్ని ఒప్పించినవాడు గోవర్ధన్. అసెంబ్లీ బెంచీ దగ్గర పంపుల్లో తిరిగే రోటర్లని చేత్తో బిగించే సీనియర్ అతనే. హైమ భర్త కూడా అతనే.

"మా ఆవిడని నమ్మి నేను పెళ్లే చేసుకున్నాను సార్. మీరు ఒక పళ్లెం పెట్టించుకోలేరా?" అన్నాడట.

రాజుగారు పడీపడీ నవ్వి సరేనన్నారు.

మొదటి వారాలు హైమకి కలలా గడిచాయి. షాపులో అరుపులు తగ్గిపోయాయి. పనివాళ్లు లోపలికి రాగానే ముందు పళ్లెం దగ్గరికి వెళ్లి చూసేవారు. రాత్రికి రాత్రి నరాలు కొత్తగా అల్లుకుని ఉండేవి. ముగ్గు చూసినట్టు చూసి, ఎవరి మిషన్‌కి ఎంత లావు నరం వచ్చిందో చెప్పుకుంటూ వెళ్లి పని మొదలుపెట్టేవారు.

ఒకరోజు పెంటయ్య లేతు మీంచి నరం తప్పుకుంది. లేతు బాగానే తిరుగుతోంది. పెంటయ్య చేసిన ముక్కల్లో వంక లేదు. జెల్లీ ఆరిపోయిందేమోనని హైమ తడి చేసింది. అయినా నరం ఆ వైపుకి రాలేదు. పళ్లెం ఆ పనులన్నీ పక్క లేతులకి సర్దేసింది. పెంటయ్య చిన్నబుచ్చుకుని, మిషన్ తుడుచుకుంటూ కూర్చున్నాడు.

కొద్దిరోజులకి ఆ లేతులో బేరింగు బిగుసుకుపోయింది. విప్పి చూస్తే లోపల ఉక్కు గుండ్లు పగిలి ఉన్నాయి. అప్పటికే దాని మీద పని లేదు కాబట్టి ఒక్క ఆర్డరూ ఆగలేదు.

పగిలిన బేరింగు అరచేతిలో పెట్టుకుని పెంటయ్య పళ్లెం ముందుకి వెళ్లి నిలబడ్డాడు. మర్నాటికి పళ్లెం పెట్టిన చెక్క బల్లకి ఎవరో పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. ఆ రోజు నుంచి షాపులో దాన్ని పసుపుతల్లి అనడం మొదలుపెట్టారు. హైమ అది వినీ విననట్టు ఊరుకుంది. సుల్తానా గారికి చెబితే, "పేరు బాగుంది. నా వ్యాసాల్లో పెట్టిన లాటిన్ పేరు నాకే నోరు తిరగదు," అన్నారు.

తర్వాత కొన్నాళ్లకి నరం గోవర్ధన్ బెంచీని వదిలేసింది.

"నీ పసుపుతల్లికి నేనంటే ఇష్టం లేదే," అన్నాడు గోవర్ధన్ ఇంటికొచ్చాక, చొక్కా విప్పుతూ. "పొద్దున్నుంచి నాకు ఒక్క పంపూ ఇవ్వలేదు. గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాను."

"బెంచీలో ఏదో వదులై ఉంటుంది. రేపు చూస్తాను," అంది హైమ.

బెంచీ బాగానే ఉంది. బిగింపు పనిముట్టు కొత్తది. తీగలు మార్చింది, దీపం మార్చింది. నరం రాలేదు. ఇంతలో బొబ్బిలిలో బంధువుల పెళ్లికని గోవర్ధన్ సెలవు పెట్టాడు. అతను వెళ్లిన పూటే నరం బెంచీ మీదికి తిరిగొచ్చింది. అతని చోట కూర్చున్న కుర్రవాడు రోజంతా పంపులు బిగించాడు. గోవర్ధన్ తిరిగి రాగానే నరం మళ్లీ వెనక్కి తగ్గింది.

హైమకి మనసులో ఏదో గుచ్చుకుంది. అతన్ని పరీక్షల బెంచీకి మార్పించింది. ఆ మధ్యాహ్నమే నరం పరీక్షల బెంచీని వదిలి, అసెంబ్లీ బెంచీ మీదికి వచ్చేసింది.

హైమ పళ్లెం ముందు నిలబడి ఆ రెండు బెంచీల చోట్లనీ మార్చి మార్చి చూసింది. అది బెంచీని తప్పించుకోవడం లేదు. మనిషిని తప్పించుకుంటోంది. పగలబోయే బేరింగుని తప్పించుకున్నట్టు.

ఆ సాయంత్రం ఇంట్లో, స్నానానికి వెళ్తూ, "పాలు చూస్తూ ఉండు," అని చెప్పింది. తిరిగొచ్చేసరికి ఇల్లంతా మాడు కంపు. గిన్నె అడుగు నల్లగా అయిపోయింది. గోవర్ధన్ పొయ్యికి వీపు పెట్టి, అక్కడే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు.

"ముక్కు పనిచేయడం లేదా నీకు?" అని కోప్పడింది.

అతను తలెత్తి అమాయకంగా చూశాడు. "ఏం? ఏమైనా మాడిందా?"

మర్నాడు హైమ సుల్తానా గారి దగ్గరికి పరుగెత్తింది. జరిగిందంతా చెప్పింది. ఆవిడ కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"బిగింపు పనిముట్టు పిడిలో అదురు కొలిచే ముక్క ఉంది కదా?"

"ఉంది."

"అయితే పిడిని పట్టుకున్న చేతి అదురూ అందులో పడుతుంది. మనకి తెలియదు, మీ ఆయనకీ తెలియదు. దానికి తెలుస్తోంది." ఆవిడ గొంతు తగ్గించారు. "నేను వైద్యం చేసే డాక్టర్ని కాదు, హైమా. నరాల డాక్టరుకి చూపించు. రేపే చూపించు."

గోవర్ధన్‌కి ఎలా చెప్పాలో హైమకి తోచలేదు. చివరికి భీమిలి బీచి దగ్గర, ఇద్దరూ ఇసుకలో నడుస్తున్నప్పుడు, ఉన్నదున్నట్టు చెప్పేసింది. చెబుతూ అతని వంక చూసింది. కుడి చెయ్యి నడకకి తగ్గట్టు ఊగుతోంది. ఎడమ చెయ్యి ఊగడం లేదు. ఎప్పట్నుంచి అలా ఉందో ఆమెకి తెలియలేదు. పక్కనే నడుస్తూ గమనించని చేతిని, గాజు పళ్లెంలో పాకే ఒక కణం గమనించింది.

గోవర్ధన్ పెద్దగా నవ్వాడు. తర్వాత ఆగాడు. తర్వాత అతనికి కోపమొచ్చింది.

"నేను బాగున్నాను. నా చేతిలోంచి ఒక్క పంపూ తిరిగి రాలేదు. ఆ బూజు చెప్పిందని నన్ను ఆసుపత్రికి తీసుకెళ్తావా?"

"ఒక్కసారి వెళ్దాం. ఏమీ లేకపోతే ఆ పళ్లెం నేనే పగలగొడతాను."

హైదరాబాద్‌లో నరాల డాక్టరు అతన్ని నడిపించారు. వేళ్లు ఆడించమన్నారు. వాసనలు తెలుస్తున్నాయా అని అడిగారు. నిద్రలో కాళ్లూ చేతులూ విసురుతాడా అని హైమని అడిగారు. విసురుతాడు. మంచం మీద ఎడంగా పడుకోవడం అలవాటైపోయింది ఆమెకి. అక్కడే ఏదో ప్రత్యేకమైన స్కానింగ్ చేయించారు. ఆ బొమ్మలు చూసి డాక్టరు కుర్చీలో వెనక్కి వాలారు.

"పార్కిన్సన్స్. కానీ ఇది చాలా చాలా మొదట్లో ఉంది. మామూలుగా చెయ్యి వణకడం మొదలయ్యాక మా దగ్గరికొస్తారు. అప్పటికే మెదడులో చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది. ఇంత ముందుగా వచ్చినవాళ్లని నేను చూడలేదు. అసలు మీకు అనుమానం ఎలా వచ్చింది?"

హైమ చెప్పింది. డాక్టరు నమ్మలేదు. మళ్లీ చెప్పించుకున్నారు. తర్వాత అదంతా కాగితం మీద రాసుకున్నారు.

పూర్తిగా నయం కాదనీ, మందులూ వ్యాయామాలతో చాలాకాలం మామూలుగా బతకొచ్చనీ చెప్పారు. తిరిగొస్తున్న రైల్లో గోవర్ధన్ కిటికీ పక్కన కూర్చున్నాడు. అనకాపల్లి దాటాక, కిటికీలోంచి చూస్తూనే అన్నాడు.

"ఇంకో నాలుగైదేళ్లు ఏమీ తెలియకుండా హాయిగా ఉండేవాణ్ణి. అది తీసేసుకున్నావు."

అతను చెప్పింది నిజమే.

సంగతి రాజుగారికి చేరింది. పళ్లెంలో అసెంబ్లీ బెంచీ దగ్గర నరం రావడం, పోవడం ఆయనా చూస్తూనే ఉన్నారు. హైమని తన గదికి పిలిచారు.

"గోవర్ధన్‌ని నేను వదులుకోను. స్టోర్సులో కూర్చోబెడదాం, జీతం తగ్గదు. ఆ పంపు ఒక మనిషి రక్తం తిప్పుతుంది, హైమా. నేను ఆలోచించుకోవాలి కదా." కాస్త ఆగి, "ఇంకో మాట. ప్రతి బెంచీ దగ్గరా, ప్రతి పనిముట్టు పిడిలోనూ ఆ ముక్కలు పెట్టించు. ఎవరికి ఏం రాబోతోందో మనకి ముందే తెలిసిపోతుంది," అన్నారు.

"తెలిస్తే ఏం చేస్తారు సార్?"

రాజుగారు చెడ్డవారు కాదు. అయినా ఏం చేస్తారో ఇద్దరికీ తెలుసు. జబ్బు రాబోయేవాళ్లని ముందే పని నుంచి తప్పిస్తారు.

పళ్లెం తీసుకుపోవాలనే హైమ సుల్తానా గారిని వెంటబెట్టుకుని వచ్చింది. ఇద్దరూ షాపులో పళ్లెం ముందు నిలబడ్డారు. గోవర్ధన్ అవతల తన పాత బెంచీ దగ్గర, పని లేకుండా, పనిముట్టుని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. అతని చుట్టూ షాపంతా కదులుతోంది.

"దానికి జాలి లేదు," అంది హైమ.

"జాలీ లేదు, క్రూరత్వమూ లేదు," అన్నారు సుల్తానా గారు. "వెలుతురు దానికి చేదు. గింజ తీపి. అంతకు మించి దానికేం తెలియదు. మీ ఆయన్ని మనం చేదు వైపు పెట్టాం."

హైమ చటుక్కున ఆవిడ వంక తిరిగింది. తను బిగించిన షెడ్యూళ్లన్నీ ఒక్కసారిగా కళ్లముందు మెదిలాయి. ప్రతిదాంట్లోనూ మనిషి ఒక మిషన్ పక్కన మిషన్‌లా ఉన్నాడు. ఎంత పని తీయొచ్చు, ఎంతసేపు తీయొచ్చు, అంతే. సరుకు ఎవరికి చేరాలో అక్కడ మాత్రమే గమ్యం అని రాసింది. పనిచేసేవాడిని గమ్యంగా రాయడం ఆమెకి ఎప్పుడూ తట్టలేదు. ఎవరికీ తట్టలేదు.

ఆమె పళ్లెం తీయలేదు. రాజుగారిని ఒక్క రోజు గడువడిగింది. పట్టకారుతో ఒక ఓట్సు గింజ తీసి, గోవర్ధన్ బెంచీ చోటులో, దీపం అంచునే పెట్టింది. ఆర్డర్లకి పెట్టే గింజల్లో అన్నిటికంటే పెద్దది.

కాసేపటికి పచ్చటి పోగు ఒకటి ఆ వైపు సాగింది. దీపం అంచు దాకా వెళ్లి ఆగిపోయింది, వెనక్కి తగ్గింది. మళ్లీ వెళ్లింది, మళ్లీ తగ్గింది. పనివాళ్లు ఒక్కొక్కరే చేతిలో పని పక్కన పెట్టి దగ్గరికొచ్చారు. పెంటయ్య తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. రాజుగారు కూడా గదిలోంచి దిగి వచ్చారు.

"గోవర్ధన్, నువ్వు మామూలుగా పని చేసుకో," అంది హైమ. అతను ఒక పంపు అందుకుని బిగించడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నానికి ఒక వింత మొదలైంది. అతని చేతి అదురు రోజంతా ఒకేలా ఉండదు. కాసేపు నిమ్మళంగా, కాసేపు అలజడిగా ఉంటుంది. నిమ్మళంగా ఉన్నప్పుడు దీపం ఆరిపోతుంది. అప్పుడు ఆ పోగు లోపలికి వెళ్లి గింజని తాకుతోంది. దీపం వెలగబోయే ముందే, వెలిగాక కాదు, వెలగబోయే ముందే, బయటికి వచ్చేస్తోంది. అతని చేతి లయని అది పట్టుకుంది. లోపలికి, బయటికి. లోపలికి, బయటికి. పసిబిడ్డ పక్కన పడుకున్న తల్లి ఊపిరిలా ఆ కదలిక నెమ్మదిగా, తప్పిపోకుండా సాగింది.

సాయంత్రానికి పళ్లెం మొత్తం మారిపోయింది. గోవర్ధన్ చోటు చుట్టూ లావుపాటి పచ్చటి వలయం ఏర్పడింది, పిట్టగూడులా. ఆ గూటి నుంచి నరాలు అన్ని మిషన్ల వైపుకీ బయల్దేరాయి. లేతులు, డ్రిల్లులు, కడిగే తొట్లు, పరీక్షల బెంచీలు, అన్నిటి వేళలూ ఆ గూటి ఊపిరికి తగ్గట్టు సర్దుకున్నాయి. ఒక మనిషి చేతిలోని అలజడి చుట్టూ ఫ్యాక్టరీ అంతా కొత్తగా అల్లుకుంది.

సుల్తానా గారు పళ్లెం అంచు పట్టుకుని వంగి చూస్తున్నారు. ఆవిడ కళ్లలోంచి నీళ్లు జెల్లీ మీద పడతాయేమోనని హైమ భయపడింది.

"ఇన్నేళ్లుగా దీంతో ఉన్నాను," అన్నారావిడ. "దీనికి ఇది చేతనవునని నాకు తెలియదు."

గోవర్ధన్ బెంచీ దగ్గర్నుంచి లేచి వచ్చాడు. గూడు వంక చూశాడు. తన చేతిని ఎత్తి చూసుకున్నాడు. మళ్లీ గూడు వంక చూశాడు.

"ఇది... నేనేనా?"

"నువ్వే," అంది హైమ.

అతను రైలు దిగిన దగ్గర్నుంచి ముట్టుకోని ఆమె చేతిని, అందరూ చూస్తుండగానే పట్టుకున్నాడు.

రాజుగారు పళ్లెం మీదికి వంగారు. "పెంటయ్య లేతు వైపు నుంచి తప్పుకుంది. గోవర్ధన్ చుట్టూ గూడు కట్టింది. మిషన్‌కీ మనిషికీ తేడా దీనికి ఎలా తెలిసింది?"

"దానికి తెలియదు సార్. మనం గింజ ఎక్కడ పెట్టామో అది చూసింది, అంతే."

రాజుగారు ఇంకోసారి గూడు చూసి తన గదికి వెళ్లిపోయారు. కానీ గడువు మర్నాటితో ముగియలేదు.

కొత్త షెడ్యూలు సుఖంగా ఏమీ లేదు. పనులు గుంపులు గుంపులుగా వచ్చేవి, మధ్యలో ఖాళీలు. కొందరి భోజనాల వేళలు మారిపోయాయి. గొణుగుళ్లు వినిపించాయి. పెంటయ్య మాత్రం, "మాకేటి బాబూ, గోవర్ధన్ బాబు సెయ్యి ఆడినప్పుడే మా సెయ్యీ ఆడుద్ది. ఎల్లండెల్లండి," అని గొణిగేవాళ్లని తరిమేవాడు. ఒక ఆసుపత్రికి వెళ్లాల్సిన లారీ ఆలస్యమైంది. రాజుగారే ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకున్నారు. పంపులు మాత్రం ఎప్పటిలా నిక్కచ్చిగా వచ్చేవి. గోవర్ధన్ చెయ్యి బాగున్నప్పుడే పని అతని ముందుకొచ్చేది. లేనప్పుడు బెంచీ ఖాళీగా ఉండేది. తన ఒంట్లో ఏం జరుగుతోందో అతని కంటే ముందు బెంచీకి తెలిసేది.

ఆ తర్వాత హైమ ఒక నియమం పెట్టింది. ఒక మనిషి గురించి పళ్లెం చెప్పేది ఆ మనిషికి తప్ప ఇంకెవరికీ తెలియకూడదు. తెరల మీంచి పేర్లు తీసేసింది. రాజుగారు ముందు అడ్డం తిరిగారు. ఒకరోజు పొద్దున్న తనే ఒక పనిముట్టు పిడి పట్టుకుని చాలాసేపు పళ్లెం ముందు ఒంటరిగా నిలబడ్డారు. ఏం చూశారో, ఏం చూడలేదో ఎవరికీ చెప్పలేదు. ఆ మధ్యాహ్నమే నియమానికి ఒప్పుకున్నారు.

గోవర్ధన్ అదే బెంచీ మీద ఏళ్లపాటు పనిచేశాడు. గూడు లోపలికి పని వెళ్లే వేళలు ఏటికేడాది తగ్గుతూ వచ్చాయి. ఒకరోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా దీపం ఆరలేదు. అతను పనిముట్టుని తుడిచి, తన చోటుకి వచ్చే కుర్రవాడి చేతికిచ్చి, అందరితో కలిసి టీ తాగి, హైమ స్కూటర్ వెనక కూర్చుని ఇంటికొచ్చేశాడు. దారిలో, "కోప్పడ్డాను కదా ఆ రోజు రైల్లో," అన్నాడు. "కోపం ఇంకా కొంచెం ఉంది. కానీ ఈ ఏళ్లన్నీ కూడా ఉన్నాయి."

తర్వాతి వేసవిలో హైమ నర్సీపట్నం వైపు ఒక బట్టల ఫ్యాక్టరీకి వెళ్లింది. ఆసుపత్రి సిబ్బంది వేసుకునే దుస్తులు కుడతారక్కడ. పెద్ద షెడ్డు నిండా కుట్టు మిషన్లు, వాటి ముందు ఆడవాళ్లు. మిషన్లకి అదురు కొలిచే ముక్కలు బిగించి, కొత్త పళ్లెం పెట్టి, సుల్తానా గారు పంపిన పచ్చటి జీవి ముక్కని అందులో వేసింది. ఆర్డర్లకి మాత్రమే గింజలు పెట్టింది. ఇక్కడి మనుషులెవరో ఆమెకి ఇంకా తెలియదు. ఎవరి చోటులోనూ గింజ పెట్టలేదు.

మర్నాడు పొద్దున్నే గుడ్డ తీసింది. నరాలు షెడ్డంతా అల్లుకున్నాయి. కిటికీ వైపు వరసలో, ఒక మిషన్ చోటు చుట్టూ, లావుపాటి పచ్చటి వలయం.

వెంటనే సుల్తానా గారికి ఫోన్ చేసింది.

"మీరు పంపిన ముక్క ఏ పళ్లెం నుంచి కోశారు?"

"మీ ఆయన పళ్లెం నుంచే. అదే బాగా బలంగా ఉంది. ఏం?"

"నేను గింజ పెట్టలేదు, మేడమ్. అయినా గూడు కట్టింది."

"నేర్చుకున్నది మర్చిపోలేదన్నమాట," అన్నారావిడ. "ఒక్క కణం, హైమా. ఒకే ఒక్క కణం."

హైమ ఫోన్ పెట్టేసి కిటికీ వైపు వరసలోకి నడిచింది. నలభై దాటిన ఒక ఆవిడ నీలం చొక్కాకి చేతులు కుడుతోంది. కుట్టు తిన్నగా, చూడముచ్చటగా వస్తోంది. కంటికి కనిపించే లోపమేదీ లేదు. కొత్త మేడమ్ తన దగ్గరే ఆగడం చూసి ఆవిడ బెదిరిపోయి, సూది ఎత్తేసింది.

"ఏటమ్మా? నా కుట్టు తప్పిపోనాదా? పన్లోంచి తీసేస్తారేటి?"

హైమ పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది.

"లేదమ్మా. పన్లోంచి ఎవరూ తీసేయడం లేదు. మీ పేరేంటో చెప్పండి ముందు. తర్వాత మీకొక మాట చెప్పాలి, మీ ఒక్కరికే."